టేకు కడుపులో కరువు గీత

ఈ అడవినంతా వీపు మీద మోసిన తాబేలుని నేనే! ఒక ఏడాది వానలు ముఖం చాటేస్తే మా టేకు చెట్టు మోడైపోయింది. దాని తొర్రలో ఉండే ఉడత, తన పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరింది.

"చెట్టు చచ్చిపోయింది తాతా, పోతున్నాం."

"ఆగవే పిచ్చిదానా!" అని గర్జించాను. కొండ అవతల పులి దడుచుకుంది. విరిగిపడ్డ పెద్ద కొమ్మలోని వలయాలు చూపించాను. "ఏడాదికొకటి. బాగా వానలు పడ్డ ఏడాది వలయం లావు. వెంట్రుకంత సన్నగా ఉందే, అది నా చిన్నప్పటి కరువు. దాని పక్కది చూడు, మళ్లీ ఎంత లావో!"

ఉడత తడిమి చూసి ఆగిపోయింది. తొలకరికి టేకు చిగిర్చింది.

"నీ చిన్నప్పటి కరువులో చెట్టుని బతికించిందెవరు తాతా?"

"ఇంకెవరు? చిప్పలో నీళ్లు మోసింది నేనేగా!"

"మరి వలయం అంత సన్నగా ఉందేం?"

"దారిలో దాహమేసి కాస్త తాగానులే!"