ఉప్పునీళ్ళ తొట్టి

"ఏటప్పా, నీకేటైనా మతి పోయిందేటి?" యుగంధర్ పైపు కోసే రంపం కింద పడేసి లేచాడు. "బావకి కావాల్సింది సేపలే కదా. నాలుగు బంగారు సేపలు, ఒక గాలి మోటారు. గంటలో అయిపోతాది. ఈ సముద్రం నీళ్ళ తొట్టి ఎందుకు సెప్పు?"

"ఉప్పునీళ్ళదే పెట్టు," అంది అక్క నీలవేణి.

అంతే. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

యుగంధర్‌కు పలాసలో మోటార్లు, పైపుల దుకాణం ఉంది. అక్క మొండితనం అతనికి కొత్త కాదు. కానీ ఇది మరీ చోద్యం. ఉప్పునీళ్ళ తొట్టి అంటే మాటలా? పెద్ద తొట్టి కింద ఇంకో తొట్టి. పై నీళ్ళు కిందికి దిగాలి, అక్కడ మడ్డి వడకట్టాలి, నురుగు తీయాలి, మళ్ళీ మోటారు పెట్టి పైకి తోయాలి. ఇనుము పనికిరాదు, ఇత్తడి పనికిరాదు, ఉప్పు తినేస్తుంది. ఆ పైన నీళ్ళు బారువ సముద్రం నుంచి డబ్బాల్లో నింపుకుని ఆటోలో తేవాలి. కవిటి కొబ్బరితోటల్లో ఉన్న ఇంటికి ఇంత సంబడం అవసరమా?

బావ కోసం కాబట్టి నోరు మూసుకున్నాడు.

బావ సోమేశ్వరరావు దిండుకు ఆనుకుని మంచం మీంచి అంతా చూస్తున్నాడు. ఒకప్పుడు తోటలోకి ఎవరు వచ్చినా బొండం కొట్టి చేతిలో పెట్టందే పంపని మనిషి. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్, మిగతా రోజులు ఈ గది. పండు, పప్పు, ఉప్పు, నీళ్ళు, అన్నింటికీ కొలతే. కాలక్షేపానికి ఆయన నోరు తెరిచి అడిగింది చేపలొక్కటే.

ఇంతకుముందు ఉండేవి కూడా. కిటికీ పక్కన చిన్న గాజు తొట్టి, అందులో బంగారు చేపలు. పోయిన నెల బావకు ఆయాసం ముంచుకొచ్చి ఉన్నపళాన ఆస్పత్రిలో చేర్చారు. ఇంట్లో చూసే దిక్కులేక చేపలు చచ్చిపోయాయని నీలవేణి అందరికీ చెప్పింది. తొట్టి కూడా ఎవరికో ఇచ్చేసింది. అప్పటినుంచి బావ గోడవైపు తిరిగి పడుకోవడమే.

"డయాలసిస్‌కి ఇంక రానంతన్నాడురా. సేపలు తెత్తానంటేనే బండెక్కుతున్నాడు," అని అక్క ఫోన్లో ఏడ్చింది. యుగంధర్ దుకాణం మూసి పరుగెత్తుకొచ్చాడు.

పైపులు ఒక్కొక్కటే అతుక్కుంటుంటే బావ ముఖంలో కాస్త కళ వచ్చింది.

"ఒరే యుగంధరా, సముద్రం సేపలు ఎలగుంతాయిరా?"

"నారింజ రంగు మీద తెల్ల పట్టీలు బావా. అచ్చం పెళ్ళికొడుకులే."

"ఎప్పుడేత్తావు?"

"నీళ్ళు ఓ నెల తిరగాలి. అప్పటిగ్గానీ వాటికి పడవు."

"నెలేనా? ఉంటాన్లే," అని బావ నవ్వాడు.

అయ్యో, ఈ మనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో! యుగంధర్ తల తిప్పుకుని, బిగించిన పైపునే మళ్ళీ బిగించాడు.

అక్కతోనే తల ప్రాణం తోకకొచ్చింది. తొట్టిలో నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ మంచినీళ్ళు కలపాలి, అందుకని గదిలోకి ఒక కుళాయి లాగుతానన్నాడు. ఆవిడ ససేమిరా అంది. ఎన్ని కడవలైనా పెరట్లోంచి తనే మోసుకొచ్చి పోస్తుందట. స్నానాలగదిలో కుళాయికి పిడి ఊడిపోయి ఉంటే కొత్తది పెడతానన్నాడు. అదీ వద్దంది. ఇంత పిసినారితనం ఎప్పుడు నేర్చిందో అనుకున్నాడు.

చివరికి తొట్టి నిలబడింది. ఇక అతుకులు కారుతున్నాయో లేదో చూడాలి. బారువ నుంచి మోయించిన నీళ్ళు పరీక్ష కోసం పోసి పారబోస్తాడా ఎవడైనా? పెరటి బోరు నుంచి గొట్టం లాగి తొట్టిలో వేసి, మోటారు ఆన్ చేశాడు. నీళ్ళు బుడబుడా పైకి లేచాయి. బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. యుగంధర్‌కు పడిన కష్టమంతా మరుపుకొచ్చింది.

ఇంతలో వంటింట్లోంచి నీలవేణి కేక వేస్తూ ఊడిపడింది. గొట్టం ఒక్క లాగు లాగి కిటికీ బయటికి విసిరింది. బకెట్ తెచ్చి తొట్టిలో నీళ్ళు ఆదరాబాదరా తోడి పెరట్లోకి పారబోయడం మొదలుపెట్టింది. బావ మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

యుగంధర్ ఒంటికాలి మీద లేచాడు. అక్క చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాడు.

"నువ్వు మనిసివేనా? సచ్చిపోయే మనిసి కాసింత సరదా పడతంటే అది కూడా సూళ్ళేకపోతన్నావా?"

అనకూడని మాట. నోరు జారాక తెలిసింది. నీలవేణి ఉన్నచోటే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి వినబడకుండా వెక్కివెక్కి ఏడ్చింది.

"ఎవలికీ సెప్పనని మీ బావకి మాటిచ్చాన్రా. తెలిస్తే నలుగుర్లో తలెత్తుకోలేడు."

"ఏటి తెలిస్తే?"

ఆవిడ గది కిటికీ వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"ఆ సేపలు మేం ఆస్పత్రికి ఎల్లినాక సావనేదురా తమ్ముడూ, దాహం ఓర్సుకోలేక తొట్టిలో నీళ్ళన్నీ మీ బావే తాగేసినాడు."