ఫ్లాపీ మీద బొట్టు

పాత కంప్యూటర్ మళ్లీ మొరాయించింది.

చిక్కడపల్లి విద్యాసాగర్ ముఖమూ, చేతిలోని రెండో ఫ్లాపీ డిస్కూ ఒకేసారి ఫ్లాపయ్యాయి.

ఆ కంప్యూటర్‌కి సొంత బుర్ర లేదు. బూట్ డిస్క్ మింగితేనే నిద్ర లేస్తుంది. ఇదేమో మింగిన ప్రతి డిస్కు మీదా పిచ్చిగీతలు గీసి పాడుచేస్తోంది. రెండు పోయాయి. మిగిలింది ఒక్క డిస్కు. పెడితే రిస్కు.

"ఇయ్యాల లేవకుంటే పొద్దుగాల పాత ఇనుము కబాడీకే" అని భార్య విద్యావతి తేల్చేసింది. బూట్లు గుమ్మం బయట, బూట్ డిస్కులు పూజగదిలోనా అని ఆవిడ బాధ.

పూజగదిలో పెట్టడానికి కారణముంది. ఒకప్పుడు జంటనగరాల్లో ఎవరో మహానుభావుడు ఈ డిస్కులు తయారుచేసి, అడిగినవాళ్లకల్లా ఊరికే పంచాడట. పేరు ఎవరికీ తెలియదు. ప్రతి డిస్కు అంచునా ఎర్ర బొట్టుబిళ్ల మాత్రం ఉండేది. పూజ చేసి మరీ ఇచ్చేవాడు కాబోలని విద్యాసాగర్ మురిసిపోయేవాడు. పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాడు ఎవడు కనపడ్డా ఆయన గురించే అడిగేవాడు. ఒక్కసారి ఆయనకు దండం పెట్టాలని కోరిక.

గుమ్మంలో ఎవరో పెద్దావిడ. టు-లెట్ బోర్డు చూసి వచ్చానంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి చేరిన మనవరాలికి పైగది కావాలట.

ఈ పరేషాన్‌లో కిరాయి బేరమా? అబద్ధం ఆడేశాడు.

"గది ఇచ్చేసినం అమ్మా."

సరేనని వెళ్లబోతూ ఆగిందామె. చూపు అతని చేతిలోని ఆఖరి డిస్కు మీద పడింది.

"ఆ అంచున గాటు ఉంది చూడండి. దానిమీది బిళ్లేమైంది?"

"పూజబొట్టు కదమ్మా. జిగురు మిషిన్ల పడ్తదని మూడు డిస్కులయీ పీకి అద్దానికి అంటించిన."

"అది పూజకు కాదండీ. గాటు మూస్తే మిషను చదవగలదు గానీ, డిస్కు మీద రాయడం కుదరదు."

టేపు కోసం అతను సొరుగులన్నీ సోదా చేస్తుంటే, ఆమె తన నుదుటి బిళ్ల తీసింది. నడుమ గోటితో ఒక గీటు పెట్టి, అంచు మీద మడిచి, గాటుకు అతికించింది.

"ఇప్పుడు పెట్టండి."

కంప్యూటర్ గరగరమని గొంతు సవరించుకుంది. నల్లటి తెర మీద ఒక్కొక్కటే పచ్చటి అక్షరం మొలుచుకొచ్చింది. మాటకో జోకు వేసే విద్యాసాగర్‌కి పుట్టి బుద్ధెరిగాక తొలిసారి జోకు తట్టలేదు. రెండు చేతులూ జోడించాడు, కంప్యూటర్‌కి.

"విద్యా, లేచింది" అంటూ వంటింట్లోకి పరుగెత్తి, భార్యను లాక్కొచ్చేసరికి గుమ్మం ఖాళీ.

"ఎవరొచ్చిండ్రు?"

"ఏమో. పేరడగలే. గది లేదన్న."

ఇక బయట కాపీలు తీయించి తనూ పంచాలి. వాటికి బొట్లు కావాలని అద్దం దగ్గరికి వెళ్లాడు.

మూడు ఎర్ర బిళ్లలు. మూడింటికీ నడుమ అదే గోటి గీటు.

చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి ఉరికాడు. కోచింగ్ పిల్లల గుంపులు తప్ప ఎవరూ లేరు.

ఇన్నేళ్లుగా 'ఆయనెవరు' అని ఊరంతా ఎవరి గురించి అడిగాడో ఆ 'ఆయన', గది లేదని తాను పంపేసిన ఆవిడే.