ఛాంపియన్ ఎడమచేతి గుద్దు

ఒట్టి పిడికిళ్లతో బాక్సింగ్ చేసే రోజులవి. ఐర్లండు నుంచి వలసొచ్చి హెవీవెయిట్ ఛాంపియన్ అయిన భర్త పోయాక, న్యూయార్క్‌లో ఆయన సారా దుకాణాన్ని హొనోరా నడుపుతోంది. ఆయన ఎడమచేతి గుద్దుకు ముక్కు విరిగినవాళ్లకు అక్కడ మొదటి గ్లాసు ఉచితం.

మలాకీ తన వంకర ముక్కు చూపిస్తూ గ్లాసు ముందుకు తోశాడు.

"పొయ్యి వదినా! ఇది మీ ఆయన చలవే. మనం వచ్చిన ఓడలో, డాన్సప్పుడు, చీకట్లో ఒక్కటే గుద్దు!"

"చీకట్లో నా నడుం మీద చెయ్యేసింది నువ్వా, సచ్చినోడా? ఆ గుద్దు నాది!"

దుకాణమంతా గొల్లుమంది. మలాకీ ఉడుక్కుని గోడమీది ఛాంపియన్ పటం చూపించాడు.

"మరి ఆయన ముక్కూ వంకరేగా! అదెవరి గుద్దు?"

హొనోరా ఎడమచేత్తో గ్లాసు వెనక్కి లాక్కుంది.

"అదీ నాదే. ఆ గుద్దు ఆయనకు నేర్పేటప్పుడు కాస్త గట్టిగా తగిలింది."