గోరింకలు లేని కథల కొలువు

ఆ అడవిలో ప్రతి సాయంత్రం నక్క కథల కొలువు పెట్టేది. కథలు అల్లేవి గోరింకలు, చెప్పేది చిలక, పేరు మాత్రం నక్కది.

"కథలు మావేనని నువ్వు అందరి ముందూ ఒప్పుకునేదాకా కొత్తవి అల్లం" అని పెద్ద గోరింక పేరిందేవి తన వాళ్ళతో సహా పని మానేసింది.

"మానేయండి! పాత కథలన్నీ చిలకకు కంఠతా వచ్చు" అని నక్క నవ్వి, వాటినే కలగలిపి చెప్పించింది.

గోరింకలు దిగులుపడ్డాయి. "మన పనేమిటో మనకు తెలుసు. కాస్త ఓపిక పట్టండర్రా" అంది పేరిందేవి.

మూడోనాడు ఉడుత లేచి, "నిన్న చచ్చిన మొసలి ఇవాళ పెళ్ళిపీటల మీదికెలా వచ్చింది?" అని అడిగింది.

చిలక తెల్లమొహం వేసింది. "నాకేం తెలుసు? అల్లినవాళ్ళని అడగండి."

జంతువులన్నీ లేచి పేరిందేవి చెట్టు కిందికి నడిచాయి. నక్క కాసేపు ఒంటరిగా కూర్చుని, చివరికి తనూ వచ్చి అందరి వెనకా చతికిలబడింది.

"కథలు మీవేనమ్మా, పేరిందేవీ" అంది, అందరికీ వినబడేలా.

పేరిందేవి రెక్కలు సర్దుకుని కొత్త కథ మొదలుపెట్టింది.