తేడా లేదు

బీరయ్య ఫొటోకు పొద్దున వేసిన బంతిపూల దండ మధ్యాహ్నానికే ఎండి గలగలమంటోంది.

ఉషశ్రీ చెప్పులు విడిచి రేకుల ఇంట్లోకి అడుగుపెట్టింది. బయట కంటే లోపలే వేడిగా ఉంది. వెనకే బాలమల్లు వచ్చాడు. ఆమె దగ్గర సర్వే పనులు చూసే చేవెళ్ల మనిషి.

“వచ్చిండ్రా మేడమ్‌లు?” గోడకు ఆనుకుని కూర్చున్న కుర్మయ్య అన్నాడు. చనిపోయిన బీరయ్యకు అన్న. “మనిషి బతికున్నప్పుడు ఒక్కరు రారు. పోయినంక కారేసుకొని మరీ వస్తరు.”

“జర ఊకో అన్నా,” బాలమల్లు మెల్లగా అన్నాడు. “మేడం పలకరియ్య వచ్చింది.”

అది పూర్తి నిజం కాదు. ఉషశ్రీ ఒక్క విషయం తేల్చుకోవడానికి వచ్చింది. బీరయ్య చావులో తన చెయ్యి లేదని.

ఆమె ఆర్థికవేత్త. వాతావరణ మార్పుల మీద ప్రభుత్వాలకు సలహాలివ్వడం ఆమె పని. ఏ పథకం ప్రాణాలు నిలుపుతుందో, ఏది డబ్బు దండగో రుజువులతో చెప్పాలి.

వడదెబ్బ చావులు ఆపడానికి ఆమెకే ఒక ఆలోచన వచ్చింది. ఎండ ప్రమాదకరంగా ముదిరే ముందురోజు సాయంత్రం ఊళ్ళో ఫోన్లన్నీ మోగాలి. ‘రేపు ఎండలో పనికి వెళ్ళొద్దు’ అని ఒక గొంతు చెప్పాలి. అంతే.

అది పనిచేస్తుందని చూపించాలి. అందుకే రెండు ఊళ్ళు ఎంచుకుంది. చేవెళ్ల వైపు ఒకటి, మొయినాబాద్ వైపు ఒకటి. రెండు చోట్లా అవే రేకుల ఇళ్ళు, అవే కూలి పనులు. చేవెళ్ల వైపు ఊరికి ఫోన్లు వెళ్తాయి. మొయినాబాద్ వైపు ఊరికి వెళ్ళవు. రెండు ఎండాకాలాలు గడిచాక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. మందు పరీక్షించేటప్పుడు ఒకరికి మందు, ఇంకొకరికి ఉత్త నీళ్ళు ఇచ్చినట్టు.

ఫలితం వచ్చింది. వడదెబ్బతో దవాఖానలో చేరినవాళ్ళు రెండు ఊళ్ళలోనూ కొద్దిమందే. అక్కడెంతో ఇక్కడా అంతే. చావు ఒక్కటీ లేదు.

“ఇంకో ఎండకాలం చూద్దాం మేడం,” అప్పుడు బాలమల్లు బతిమాలాడు. “ఫోన్ వస్తే మా ముసలోళ్లకు ధైర్యం ఉంటది.”

“ధైర్యాన్ని కొలవలేం బాలమల్లూ. తేడా కనిపిస్తేనే పథకం. లేకపోతే లేదు.”

ఫోన్ల వల్ల తేడా లేదని ఆమే రాసి సంతకం పెట్టింది. ప్రభుత్వ కమిటీ పెద్ద ముకుందం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. “సొంత పథకాన్ని సొంత చేత్తో కొట్టేసినవాళ్ళను ఇంతవరకు చూడలేదమ్మా,” అన్నాడు. జిల్లా అంతటా రావాల్సిన ఫోన్లతో పాటు చేవెళ్ల వైపు ఊరికి వచ్చేవీ ఆగిపోయాయి. ఉషశ్రీకి ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది.

ఈ ఏడు ఏప్రిల్‌లోనే నిప్పులు కురిశాయి. చేవెళ్ల వైపు ఊళ్ళో ఇద్దరు పోయారు.

ఆ కబురు విన్నప్పటి నుంచి ఉషశ్రీకి నిద్ర లేదు. ఫోన్లు ఆపేసినందుకు పోయారా? ఎండే అంత ముదిరిందా?

అంతలో మొయినాబాద్ వైపు ఊళ్ళో బీరయ్య పోయాడు. ఫాంహౌజ్ ప్రహరీ కడుతూ ఇటుకల పక్కనే కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

ఆ వార్త వినగానే ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే సిగ్గుపడింది. కానీ ఊపిరి పీల్చుకున్న మాట నిజం. ఈ ఊరికి ఏనాడూ ఫోన్లు రాలేదు. ఇక్కడా మనిషి పోయాడంటే కారణం ఎండే. ఫోన్లు ఆగడం కాదు. ఆ పాపం తన నెత్తిన లేదు.

ఆ మాట ఈ ఇంట్లో ఒక్కసారి చెవులారా వినాలి.

బీరయ్య భార్య వసంతమ్మ స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. “కూర్చో బిడ్డా. ఎండల పడి వచ్చినవు.”

ఉషశ్రీ గుక్కెడు తాగింది. “ఆ రోజు ఆయనకు ఒంట్లో బాగాలేదా అమ్మా?”

“మంచిగనే ఉండె. పొద్దుగాల రొట్టె తిన్నడు, సద్ది కట్టుకున్నడు. ‘గోడ పని ఇయ్యాల అయిపోవాలన్నడు మేస్త్రి, పొద్దుగూకేవరకు వస్త’ అన్నడు.”

“ఎండ అంతగా ఉంటుందని అనుకోలేదా?”

“ఎండకాలంల ఎండ గాక వానొస్తదా అనుకున్నం. గిట్ల పానం దీస్తదని ఎవలకెరుక?”

కుర్మయ్య మొహం తిప్పుకున్నాడు. ఉషశ్రీ వసంతమ్మ చెయ్యి పట్టుకుంది. ఇంకా ఒక్క ప్రశ్న మిగిలింది. జవాబు తనకు ముందే తెలిసిన ప్రశ్న.

“పోయిన రెండేళ్ళు ఎండ గురించి చెప్పే ఫోన్లు మీ ఊరికి రాలేదు కదమ్మా?”

“మాకెందుకొస్తయి బిడ్డా? గవి చేవెళ్ల దిక్కు ఊరోళ్లకే గద.”

ఉషశ్రీ బాలమల్లు వైపు చూసింది. విన్నావా అన్నట్టు. చాలా రోజుల తర్వాత ఆమె భుజాలు తేలికపడ్డాయి. వసంతమ్మకు దండం పెట్టి లేవబోయింది.

వసంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“గా ఊరికిచ్చిన మా చెల్లె కవిత, ఆడ ఫోన్ మోగినప్పుడల్లా నాకు జేసి ‘అక్కా, రేపు ఎవ్వల్ని పనికి పోనియ్యకు’ అంటుండె, నేను ఊరంత తిరిగి చెప్పొస్తుంటి, ఈ ఏడు ఏమైందో ఒక్కపారి గూడ జెయ్యలే.”