నొక్కని స్వరం

"గట్టిగా నొక్కప్పా! ఈగ వాలినట్ల ముట్టితే వయొలిన్ ఎట్ల పలుకుతాది?"

టీచరు అర్పిత మాటకు క్లాసులోని పిల్లలంతా గొల్లున నవ్వారు. అరవై ఆరేళ్ల మునిరత్నం తల దించుకున్నాడు. కోలారు బంగారు గనిలో ఏళ్ల తరబడి డ్రిల్లింగ్ మిషన్ పట్టి, ఆయన వేళ్లు మొద్దుబారిపోయాయి.

"నొక్కేదానికి కాలేదమ్మా. ఇంగ రేపట్నించి రాను. పొయ్యేముందర ఒకటి అడగల్ల."

ఆయన తీగకు సరిగ్గా నడిమిన వేలిని ఊరికే ఆనించి, కమాను లాగాడు. సన్నగా, తేటగా ఒక స్వరం లేచింది. పిల్లల నవ్వు ఆగిపోయింది.

"ఇది తప్పామ్మా?"

నొక్కకుండా తాకితేనే పలికే స్వరం అది. పిల్లలకు ఇప్పుడే రాదులే అని అర్పిత ఎవరికీ నేర్పలేదు.

"తప్పు కాదప్పా. ఎవురు నేర్పినారు?"

"ఎవురూ లేదు. మూడు నెల్లాయ, ఇంట్లో వాయిస్తా ఉంటే వచ్చింది. నువ్వు తిడతావని చూపీలే."

అర్పితకు ఆయన ముఖంలోకి చూడటానికి మొహం చెల్లలేదు. లేచి వచ్చి, పిల్లలందరి ముందూ ఆయన పక్కన చాప మీద కూర్చుంది.

"నిన్ను నవ్వులపాలు చేసింది నేనప్పా, తప్పు నాది. రేపు రా. ఇట్ల పలికే చోట్లు తీగ మీద ఇంగా ఉండాయి."