సున్నా నుంచి పది

"సున్నా నుంచి పది దాకా, మీ సంతోషానికి ఎన్ని మార్కులు వేసుకుంటారక్కా?" ట్యాబ్ తెరిచి అడిగింది సర్వే అమ్మాయి.

మంచంలో కదలలేని భర్తను ఒత్తిగిలిస్తూ, "నా మొహానికి సున్నా చాల్లే," అంది ఇల్లాలు.

"పోయినేడూ సున్నాయే చెప్పారు."

"చెప్పబట్టేగా, నిజమో కాదో తేల్చుకోడానికి వారం తిరక్కుండా మళ్లీ వచ్చావు. ఆ కుర్చీలో గంటసేపు కూర్చున్నావు. ఈయనకి మాట పడిపోయి నాలుగేళ్లు. ఇన్నాళ్లలో నాతో అంతసేపు మాట్లాడింది నువ్వొక్కదానివే."

సర్వే అమ్మాయి ట్యాబ్ వంక చూసింది. ఆ గంటను తను 'తనిఖీ పూర్తి' అని రెండు ముక్కల్లో రాసి పారేసింది.

"ఈసారి నన్ను పంపరక్కా. సున్నా చెప్పినవాళ్లకి ఫోన్లోనే తనిఖీ."

"పోనీలే, ఫోన్లో నువ్వేగా మాట్లాడేది?"

"కాదు. రికార్డు చేసిన గొంతు అడుగుతుంది. మీరు అంకె నొక్కితే చాలు."

ఇల్లాలు భర్త వీపు వెనక దిండు సర్దింది. దుప్పటి కప్పింది.

"అయితే పది వేసెయ్," అంది. "పది చెప్పినవాళ్లకి ఆ ఫోను రాదుగా."